గండికోటకు మేమిద్దరం వెళ్లామట

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నవ్వొచ్చేది. నేను హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. పిల్లలు కొరివిదయ్యం మాట ఎత్తితే భాస్వరం గురించి పాఠం చెప్పి కూర్చోబెట్టేవాణ్ణి. ఇది కూడా నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది, బళ్లు తెరిచే వేళకు జమ్మలమడుగులో ఉద్యోగంలో చేరాను. మాది ఏలూరు దగ్గర పల్లె. నా భార్య సుభద్ర అంతకు ముందటి వానాకాలంలో టైఫాయిడ్‌తో పోయింది. మూడేళ్ల కాపురంలో ఆమెను ఒక్క ఊరూ తిప్పలేదు. అడిగినప్పుడల్లా వచ్చే సెలవుల్లో చూద్దాం అనేవాణ్ణి.

అద్దెగదిలో ఆదివారం గడిచేది కాదు. అందుకని తిరగడం మొదలుపెట్టాను. ఒక వారం బస్సెక్కి ప్రొద్దుటూరు బజార్లు, ఒక వారం పులివెందుల, మిగతా వారాలు అద్దె సైకిలు మీద పెన్న ఒడ్డు. చూసింది చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

కార్తీక మాసంలో ఒక ఆదివారం మొదటిసారి గండికోట వెళ్లాను. కోట లోపలే చిన్న ఊరుంది. మసీదు దాటి లోయ అంచుకు పోతుంటే, ఒక ఇంటి ముందు తాడు పేనుతున్న ముసలమ్మ తలెత్తి నన్ను చూసి నవ్వింది. ఆమె పేరు కాసింబీ అని తర్వాత తెలిసింది.

"ఏందప్పా, ఒక్కనివే వచ్చినావు? ఆయమ్మ యాడ?"

ఎవరినో అనుకుని పొరబడింది అనుకున్నాను. ఎవరమ్మ అని అడిగాను.

"నీ పెండ్లామప్పా. పోయిన ఎండాకాలం ఇద్దరూ వచ్చినారు కదా. ఆ బండ మీద శానా సేపు కూచున్నారు. నేను మజ్జిగిస్తి. పాపం, ఆయమ్మకు కుడి చెవి వినపడదు కదా, నేను మాట్లాడినప్పుడల్లా ఎడమ చెవి ఇట్ల తిప్పి వింటాండె."

ఆమె తల తిప్పి చూపించింది. సుభద్ర అచ్చం అలాగే తిప్పేది.

చిన్నప్పుడు చీము పట్టి ఆమెకు ఆ చెవి పోయింది. జమ్మలమడుగులో ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. నాకు భార్య ఉండేదని కూడా చాలామందికి తెలియదు. ఇక పోయిన ఎండాకాలమంటారా, నేను మా ఊళ్లో ఇల్లు కదలలేదు. సుభద్ర పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

ఆ సంగతి కాసింబీకి చెప్పాలని నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. "ఊళ్లో ఉందవ్వా" అన్నాను.

గదికి వచ్చాక నా బుద్ధి నన్ను ఊరుకోనివ్వలేదు. సుభద్ర, ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్లు కలిసి దిగిన ఫోటో ఒకటి పెట్టెలో ఉంది. నలుగురివీ ఒకే పోలికలు. బంధువులే తికమక పడేవాళ్లు. మరుసటి ఆదివారం దాన్ని తీసుకుపోయి, ఏమీ చెప్పకుండా కాసింబీ చేతిలో పెట్టాను.

ఆమె ఎండలోకి జరిగి చూసి, సుభద్ర మీద వేలు పెట్టింది.

"ఈయమ్మే. ఇందులో ఒళ్లు బాగుంది. ఈడికి వచ్చినప్పుడు బాగా చిక్కిపోయిండె."

జబ్బులో చివరి నెల సుభద్ర నిజంగానే గుర్తుపట్టలేనంత చిక్కిపోయింది.

"మేమేం మాట్లాడుకున్నాం అవ్వా?" అని అడిగాను.

కాసింబీ నన్ను వింతగా చూసింది. "నాకేం తెలుస్తాదప్పా? ఆయమ్మ ఏందో చెప్తాంటే నువ్వు ఇంటాంటివి. మధ్యలో ఒకసారి ఇద్దరూ గట్టిగా నవ్వినారు."

ఊళ్లో ఇంకో నలుగురిని విచారించాను. ఎవరికీ ఏమీ గుర్తులేదు. ఆ రెండు ఆదివారాల మాటలు ఎన్నోసార్లు తిరగేసి చూసుకున్నాను. సైన్సుకు అందలేదు, నాకూ అందలేదు. సుభద్ర అక్కడికి వచ్చిందంటే ఎప్పటికైనా నమ్మగలనేమో. ఆమె పక్కన కూర్చుని, ఆమె చెప్పింది ఓపిగ్గా విన్న ఆ మనిషి ఎవరో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.