కుండీలు కొట్టి చూసే మనిషి

మా గోదావరిఖని వీధిలో అందరికీ నా మీద ఒకటే ఎగతాళి, ఆకులకు స్నానం చేయిస్తానని. చేయిస్తాను, అయితే ఏంటట? బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గని పక్కన కాపురం ఉంటే పొద్దున లేచేసరికి డాబా మీద మొక్కలన్నీ దుమ్ముతో నల్లబడి ఉంటాయి. తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తాను. మగ్గులో నీళ్లు నల్లబడే కొద్దీ ఆకు పచ్చగా బయటపడుతుంది. ఆ కాసేపూ నాకు ఎవరి మీదా కోపం ఉండదు. నా సంగతి తెలిసినవాళ్లకు అదెంత పెద్ద విషయమో తెలుసు.

మా ఆయనకు మాత్రం మొక్కలంటే పట్టేది కాదు. ఉద్యోగమంతా భూమి లోపలి గనిలోనే చేసిన మనిషి. అక్కడ పని మొదలుపెట్టే ముందు పైకప్పు బండను కర్రతో కొట్టి వింటారు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు, డొల్లగా పలికితే ఊడిపడేట్టు. ఆ అలవాటు ఆయన వెంట ఇంటికి కూడా వచ్చింది. ఎవరింటికి వెళ్లినా కూర్చునే ముందు గొడుగు ఎత్తి స్లాబును కొట్టాల్సిందే. మా చెల్లెలి గృహప్రవేశంలో ఒకపక్క పంతులు మంత్రాలు చదువుతుంటే ఈయన పైకప్పు కొడుతున్నాడు! నాకు తల కొట్టేసినట్టయింది.

రిటైరయ్యాక ఆ కొట్టడం ఆగిపోయింది. మొదట హమ్మయ్య అనుకున్నాను. తర్వాత మాట కూడా ఆగిపోయింది. పొద్దున కుర్చీలో కూర్చుంటే అన్నానికి లేవడం, మళ్లీ కుర్చీ. టీ తాగుతావా అంటే తల ఊపడం. కూర మాడినా ఏమీ అనకుండా తినేవాడు. అన్నేళ్లు గనిలోంచి క్షేమంగా పైకి వచ్చిన మనిషి, ఇంట్లో కుర్చీలో కూర్చుని నా కళ్ల ముందే తరిగిపోతున్నాడని భయం పట్టుకుంది. రిటైరైన కొన్నాళ్లకే పోయినవాళ్లను మా వీధిలోనే చూశాను. నా భయమంతా కోపమై గిన్నెల మీద పడేది.

ఎండాకాలంలో మా అక్కకు ఒంట్లో బాగాలేదంటే కమాన్‌పూర్ వెళ్లాల్సి వచ్చింది. "మొక్కలు జర చూడు. మన్ను ఎండితే నీళ్లు పొయ్యి," అని మరీ మరీ చెప్పి వెళ్లాను. మర్నాడు సాయంత్రం తిరిగి వచ్చేసరికి గులాబీ తల వేలాడేసింది.

"ఏందయ్యా, నీళ్లు పొయ్యలేదా?"

"కొట్టి చూసిన. ఖంగుమన్నది. గట్టిగనే ఉన్నది, ఫికర్ లేదనుకున్న."

"అది గనిల! మట్టి కుండీ ఖంగుమన్నదంటే లోపల మన్ను ఎండినట్టు. తడి ఉంటే దబ్బుమంటది."

ఇంకా నాలుగు తిడదామని నోరు తెరిచి, ఆయన ముఖం చూసి ఆగాను. ఎన్నో నెలల తర్వాత ఆ ముఖంలో ఫికరు కనిపించింది. చెంబుతో నీళ్లు తెచ్చి పోసి, ఆ కుండీ పక్కనే గచ్చు మీద చతికిలబడ్డాడు. పొద్దుగూకేదాకా లేవలేదు. మిగతా కుండీలకు నేనే హడావుడిగా నీళ్లు కుమ్మరించి వంటకు దిగాను.

తెల్లారి నేను మగ్గు పట్టుకుని డాబా ఎక్కేసరికి ఆయన అప్పటికే అక్కడున్నాడు. వంగి, చెవి దగ్గరగా పెట్టి, వేలి కణుపుతో ఒక్కో కుండీనీ కొట్టి వింటున్నాడు. గులాబీ తల ఎత్తింది. ఆయన నావైపు చూడకుండానే కసిరాడు.

"మల్లెకు గిన్ని నీళ్లు పోస్తరా ఎవరన్న? వేర్లు కుళ్లవా? ఇన్నేండ్ల సంది పెంచుతున్న అంటవు, ఏం పెంచుడే ఇది?"

అబ్బ, ఆ తిట్టు ఎంత హాయిగా ఉందో! కొంగుతో కళ్లు తుడుచుకుని, నేనూ తిరిగి నాలుగు అంటించాను. పక్కింటివాళ్లు తొంగి చూశారు. చూడనీ.

ఇప్పుడు మా పొద్దు అట్లాగే మొదలవుతుంది. ఆయన కొడతాడు, నేను తుడుస్తాను, మధ్యలో టీ. ఇంతకంటే నేను దేవుణ్ని అడిగిందేమీ లేదు. ఇచ్చినందుకు రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. అలాగని భారమంతా దేవుడి మీద వేసి కూర్చునే రకం కాదు నేను. ఆయన మళ్లీ ముభావంగా కనిపించిన రోజున, ఆయన కంట పడకుండా ఏదో ఒక కుండీలో నీళ్లు ఎక్కువ పోసేస్తాను.

మొన్న అట్లాగే పోసి, ఏమీ ఎరగనట్టు ఆకులు తుడుస్తున్నాను. ఆయన ఆ కుండీని కొట్టి విన్నాడు. నావైపు చూశాడు.

"నువ్వు కావాలనే పోస్తున్నవని నాకెరుకే," అన్నాడు.

నేను తుడిచిన ఆకునే మళ్లీ తుడిచాను.

"పొయ్యి," అన్నాడు, పక్క కుండీ దగ్గరకు జరుగుతూ. "నేను తిట్టకుంటే నువ్వు భయపడతవు."