మూడు లెక్కపెట్టేలోపు

షహజాదీ కూతురు ఫైజా మెల్బోర్న్‌లో జీతం తీసుకుని బంతాట ఆడుతోందంటే మా దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో కొందరు ఇంకా నమ్మరు. నమ్మకపోతే వాళ్ల ఖర్మ. ఆ పిల్ల చేతికి మొదటి బంతి అందించిన జట్టులో నేనూ ఉన్నాను.

మాది ఆడవాళ్ల త్రోబాల్ జట్టు. సాయంత్రాలు పార్కింగులో తాడు కట్టి ఆడేవాళ్లం. రాయచోటి నుంచి వచ్చిన షహజాదీ మా కెప్టెన్. బంతిని రెండు చేతులా పట్టాలి, మూడు లెక్కపెట్టేలోపు అవతలికి విసిరెయ్యాలి. ఆమె బతుకూ అలాంటిదే. భర్త ఇమామ్ హుస్సేన్‌కి జెబెల్ అలీ రేవు గోడౌన్‌లో పని. అద్దె పెరిగిందనో, ఖాళీ చెయ్యమన్నారనో తొమ్మిదేళ్లలో ఆరిళ్లు మారారు. బీరువా మీది సూట్‌కేసు ఏనాడూ పూర్తిగా ఖాళీ కాలేదు. "పదండి, పదండి" అనే మాట వింటూ పెరిగిన ఫైజా కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు. అన్నం కూడా గుమ్మంలో నిలబడి తినేది.

2022లో డిగ్రీ చదువుతూ వారాంతాల్లో ఒక మైదానం గేటు దగ్గర టికెట్లకు కూర్చునేది. కూర్చునేది అన్నానా? తిరిగేది. ఒకరోజు లోపల ఆస్ట్రేలియా ఆడపిల్లలు తన్నిన బంతి కంచె దాటి వస్తే ఎగిరి తలమీదే పట్టేసింది. వాళ్ల కోచ్ అది చూసి మర్నాడే తన జట్టులోకి రమ్మంది.

అది ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్. కొబ్బరికాయలా ఉంటుంది ఆ బంతి. తన్నొచ్చు, పిడికిలితో గుద్ది అందించొచ్చు, విసిరితే మాత్రం తప్పు. ఎవరో దూరం నుంచి తన్నినదాన్ని గాల్లోనే పట్టుకుంటే ఇక ఎవరూ ముట్టుకోకూడదు. నింపాదిగా వెనక్కి నడిచి, గురి చూసి తన్నుకోవచ్చు. ఫైజాలా పట్టేవాళ్లు ఆ జట్టులో లేరు. కానీ పట్టిన మరుక్షణం త్రోబాల్ అలవాటున చేతులు విసిరేసేవి. నిలబడు, నిలబడు అని అరిచి అరిచి కోచ్ గొంతు పోయింది.

2024 ఫిబ్రవరిలో మెల్బోర్న్ క్లబ్బు నుంచి ఒకామె శనివారం ఆట చూడ్డానికి వస్తోందన్నారు. ఉన్నది ఒక్కటే చోటు.

"శనివారం దాకా నీ ఇష్టం పాపా," అన్నాడు ఇమామ్ హుస్సేన్. "సోమవారం నా యెంబడి వ్యాన్ ఎక్కు. ఆఫీసులో పని చూసినా. ముదీర్‌కు మాటిచ్చినా." ముదీర్ అంటే వాళ్ల మేనేజరు.

శనివారం మేమంతా వెళ్లాం. మొదటి సగంలోనే ఫైజా రెండుసార్లు అద్భుతంగా పట్టింది, రెండుసార్లూ విసిరేసింది. అంపైర్ ఈల వేసి బంతి అవతలివాళ్లకిచ్చాడు. మెల్బోర్న్ ఆమె పుస్తకం మూసేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వే చెడగొట్టావు పిల్లని!" అని షహజాదీ మీద విరుచుకుపడ్డాను.

"నేనేం చేస్తి సుభాషిణక్కా?" ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "ఈ దేశంలో ఏది పట్టుకుంటే నిలిచింది మనకు?"

నా సూట్‌కేసూ బీరువా మీదే ఉంది.

ఆట ముగిసే వేళ బంతి మళ్లీ ఎత్తుగా వచ్చింది. ఇద్దరి భుజాల మీదుగా లేచి ఫైజా పట్టింది. అలవాటుకొద్దీ మేమంతా లెక్క మొదలుపెట్టాం. ఒకటి... రెండు... ఆమె చేతులు వెనక్కి వెళ్లాయి. షహజాదీ నా నోరు మూసేసి లేచి నిలబడింది.

"ఆడ్నే నిలబడు ఫైజా! నిలబడు!"

చేతులు ఆగాయి. మూడు దాటింది. నాలుగు, ఐదు. ఫైజా బంతిని పొట్టకి హత్తుకుని మెల్లగా వెనక్కి నడిచింది. ఆ పిల్ల మెల్లగా నడవడం అదే మొదటిసారి చూశాను. తన్నింది. బంతి స్తంభానికి తగిలింది, ఆరు రావలసిన చోట ఒక్క పాయింటే వచ్చింది. ఆట ఓడిపోయారు. మెల్బోర్న్ ఆమె మాత్రం పుస్తకం తెరిచి ఏదో రాసుకుంటోంది.

సోమవారం ఫైజా వ్యాన్ ఎక్కలేదు. మార్చి మొదట్లో విమానం ఎక్కింది. శిక్షణ ముగిశాక ఆ ఏటికి ఒప్పందం రాసిచ్చారు.

ఆర్నెల్లు దేశం బయట ఉంటే తండ్రి మీదున్న దుబాయ్ వీసా పోతుంది. ఒక్కరోజు వచ్చిపోతే నిలుస్తుంది. కానీ అంతకుముందు సెలవు దొరకలేదు, గడువు ముగిసే శనివారమే ఫైజా మొదటి ఆట. మరుసటి వారం నేను వెళ్లేసరికి షహజాదీ ఏడుస్తూ కూర్చుని ఉంది.

"వీసా ఖలాస్ అక్కా. ఇంక నా బిడ్డ నా ఇంటికే విజిట్ వీసా మీద రావాల."

"నువ్వు రమ్మంటే వచ్చేది కదా?" అన్నాను.

"వచ్చేది. రమ్మందామని ఫోను చేతికి తీసుకుంటి," అంది కళ్లు తుడుచుకుంటూ. "అందుకే మూడు లెక్కబెట్టుకొని కింద పెట్టేసినా."