కింది రెప్ప సారమ్మ

మా నాగారంలో సారమ్మ కంటబడిన మనిషి కింది రెప్ప చూపించకుండా అడుగు ముందుకు వేయలేడు. నమస్కారాలు, కుశల ప్రశ్నలు ఏమీ ఉండవు. బొటనవేలితో రెప్ప కిందికి లాగుతుంది, లోపలి రంగు చూస్తుంది, తీర్పు చెబుతుంది. "ఎర్రగున్నది, పో." లేదంటే, "తెల్లగున్నది, రక్తం టెస్టు జేపిచ్చుకో."

రోజూ పొద్దున్నే మనవరాలు ఆశ్రితను చంకనెత్తుకుని నా టిఫిన్ బండి దగ్గరికి వచ్చేది. ఇడ్లీ కోసం నిలబడ్డవాళ్ల రెప్పలన్నీ లాగి, తర్వాత కళ్లద్దాలు తీయించి నాది, అన్నిటికన్నా చివర ఆశ్రితది చూసేది. నా గిరాకీలో సగం పక్క బండికి పారిపోయింది.

"అవ్వా, తిననీకి వచ్చినోళ్లను పరేషాన్ జేయకు!"

"నీది గూడ జర తెల్లగనే ఉన్నది వినోదా. తోటకూర తిను."

ఇడ్లీలు అమ్ముకునేదాన్ని పట్టుకుని, నలుగురి ముందు తోటకూర తినమంటుంది!

మేడ్చల్ బస్సులో కండక్టర్ టికెట్ అడిగితే, ముందు నీ రెప్ప చూపమంది. చర్చిలో పాస్టరుగారు దీవించడానికి వంగితే ఆయన రెప్ప కూడా లాగింది. ఈమె పేరు విని శామీర్‌పేట నుంచి ఒక పెద్దమనిషి కళ్లద్దాల నంబరు కోసం వచ్చాడు. "అద్దాల సంగతి నాకు తెల్వది గని, రక్తం మస్తుగున్నది" అని పంపించింది.

ఆశ్రితకు మూడేళ్లు. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్, అంటే ఒంట్లో ఒక క్రోమోజోమ్ ఎక్కువ. ఒకరోజు అందరివీ అయ్యాక దాని వంతు వచ్చేసరికి సారమ్మ బొటనవేలు తెల్లగా పాలిపోయిన రెప్ప మీదే ఆగిపోయింది. గౌను కొంచెం ఎత్తి చూసింది. ఏ దెబ్బా తగలని కాళ్ల మీద నీలం మచ్చలు.

"వినోదా, ఆటో పిలువు. జల్దీ!"

మేం ఆసుపత్రికి తీసుకెళ్తే, పరీక్షల్లో రక్త క్యాన్సర్ అని తేలింది. సారమ్మ డాక్టరమ్మను సూటిగా అడిగింది. "బతుకుతదా?"

"డౌన్ సిండ్రోమ్ పిల్లలకు రక్త క్యాన్సర్ ముప్పు ఎక్కువే అవ్వా. కానీ ఈ వయసులో వచ్చే ఈ రకం, మిగతా పిల్లల్లో కన్నా వీళ్లలో మందులకు బాగా లొంగుతుంది. నువ్వు తొందరగా తెచ్చావు. పెద్దయ్యాక వచ్చే గడ్డల క్యాన్సర్లు కూడా వీళ్లకు చాలావరకు తక్కువే."

నేను నోరు తెరుచుకుని విన్నాను. ఒక్క క్రోమోజోమ్ ఎక్కువైతే ఆపద తెస్తుందట, తెచ్చిన ఆపదను మళ్లీ తనే మందు చేతిలో పెడుతుందట! ఇంత చిన్న ఒంట్లో ఇంత పెద్ద లెక్క నడుస్తోందంటే నాకు ఒళ్లు జలదరించింది.

కొన్ని నెలల మందుల తర్వాత పరీక్షల్లో ఆ పాడు కణాలు కనబడలేదు. చూడటానికి వెళ్లాను. వార్డులో సారమ్మ చేతులు శుభ్రంగా కడుక్కుని తల్లులందరి రెప్పలూ చూస్తోంది. డాక్టరమ్మది అప్పటికే అయిపోయిందట.

"అవ్వా, భయం ఆశ్రిత గురించి గదా! మా అందరి రెప్పలెందుకు గుంజుతవ్?"

సారమ్మ గొంతు తగ్గించింది. "పుట్టినప్పుడే డాక్టర్ చెప్పిండు, జర కనిపెట్టుకుని ఉండుమని. ముందుగాల దాందొక్కదాందే చూసేదాన్ని. మొకం దాసుకుని ఏడ్సేది. అందరికీ జేస్తే, గిది లోకంల అందరికీ అయ్యేదే అనుకుంటదని..."

ఇన్నాళ్లూ ఆ పిల్ల కోసమా మేమంతా రెప్పలు లాగించుకున్నది! నవ్వాలో, ఈమె కాళ్లకు మొక్కాలో నాకు తెలియలేదు.

"మరి మాకు చెప్పిన టెస్టులు ఉత్తయేనా?"

"ఉత్తయెట్లయితయి? పాస్టరుగారిది నిజంగనే తెల్లగ ఉండె."

మంచం మీద నుంచి ఆశ్రిత మమ్మల్నే చూస్తోంది. నేను చప్పున కళ్లద్దాలు తీసి, సారమ్మ ముందు ముఖం పెట్టి నిలబడ్డాను.