జిన్నింగ్ మిషనుకు పెట్టిన బొట్టు

1998 వేసవిలో నందిగామలో మా వీధి చివరున్న పత్తిమిల్లు మూసేస్తున్నారని తెలిసి, మరిది కెమెరా అడిగి తీసుకుని వెళ్ళాను. గింజ తీసే మిషనులో పత్తి వేసే ఆడవాళ్ళు దాని పక్కన వరుసగా నిలబడ్డారు. నేను నొక్కబోతుంటే ఒకామె ఆపింది.

"ఆగండమ్మా. బొట్టు లేకుండా ఫోటో ఏంటి? దసరా దసరాకీ పెడతాం కదా. మళ్ళీ దసరాకి ఇది ఉంటదా?"

కుంకుమ తెచ్చారు. వాళ్ళందరిలో పెద్దావిడ వెంటనే పక్కకు తప్పుకుంది. పెళ్ళైన కొత్తలో ఆ మిషను దగ్గర పనికి చేరిన మనిషి. భర్త పోయాక ఏ దసరాకీ ఆమె చేత దానికి బొట్టు పెట్టించలేదు.

"నువ్వే పెట్టు అత్తా," అంది కుంకుమ తెచ్చినామె.

"నేనా? అరిష్టమే! ఇంట్లో మా కోడలే నన్ను కుంకుమ ముట్టనివ్వదు."

"ఎల్లుండి దీన్ని పాత ఇనుముకి తూకమేస్తన్నారు. ఇంకేం అరిష్టం మిగిలింది దీనికి?"

అందరూ నవ్వారు. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. వేళ్ళు పైటకు తుడుచుకుని, కుంకుమ అద్ది మిషనుకు బొట్టు పెట్టింది. నేను అప్పుడు నొక్కాను.

"నా చెయ్యి పడిందా అమ్మగారూ?"

"పడింది."

"అయితే నాకొకటి ఇప్పించండి. మా కోడలికి చూపించాలి."