తప్పు నాదన్న లలిత మేడమ్

నిన్న సిరిసిల్లలో మా పక్కింటివాళ్లు దుబాయి నుంచి వచ్చిన సూట్‌కేసు విప్పారు. సబ్బులూ అత్తరూ కలిసిన వాసన గోడ దాటి రాగానే నేను కిటికీ మూసేశాను. ఊరందరికీ అది పండుగ వాసన. నాకు మాత్రం పదమూడేళ్ల వయసూ, జగిత్యాలలో ఒక ఇల్లూ, లలిత మేడమూ గుర్తొస్తారు.

మేడమ్‌ది కోరుట్ల. ఎండాకాలం సెలవుల్లో జగిత్యాలలో పల్లెటూరి పిల్లలకు ఇంగ్లిష్ నేర్పేది. దూరం నుంచి వచ్చినవాళ్లను తెలిసిన ఇళ్లలో ఉంచేది. ముందుగా వెళ్లి, పిల్ల పడుకునే గదికి లోపలి గడియ స్వయంగా వేసి చూసేది. పెళ్లిచూపులకైనా ఇంత పరీక్ష ఉండదని ఇంటివాళ్లు నవ్వేవారు. వీర్నపల్లి నుంచి వచ్చిన నన్ను ఒకామె ఇంట్లో పెట్టింది. ఆమె మాకేమీ కాదు, అయినా చిన్నమ్మ అన్నాను. మా వైపు వరుస కలిపి పిలిస్తే చాలు, సొంతమనిషి అయిపోయినట్టే. ఆమె భర్త దుబాయిలో ఉండేవాడు.

మూడోవారం ఆయన సెలవు మీద వచ్చాడు, ఇల్లంతా అదే సబ్బుల, అత్తరు వాసన. చిన్నాయన అని పిలవమన్నారు, పిలిచాను. ఒక మధ్యాహ్నం చిన్నమ్మ బజారుకు పోయినప్పుడు, ఫోన్‌లో ఇంగ్లిష్ పాఠం చూపిస్తానని గదిలోకి పిలిచి తలుపు మూశాడు. భుజం మీద చెయ్యి వేసి, "మేడమ్‌కు చెప్పకు" అన్నాడు. విదిలించుకుని బయటికి పరుగెత్తాను. నాలుగు రోజులు నోరు విప్పలేదు. వరుసకు తండ్రిలాంటివాడి మీద ఏమని చెప్పను?

ఐదోరోజు క్లాసయ్యాక మేడమ్ పక్కకు పిలిచింది. "అన్నం తింటలేవట. ఏమైంది బిడ్డా?"

చెప్పేశాను. ఒక్క ఎదురు ప్రశ్న వేయకుండా నాతో వచ్చి బ్యాగు సర్దించింది.

"పోరి మాట పట్టుకొని మా ఇజ్జత్ తీస్తరా మేడమ్?" అని చిన్నమ్మ ఏడ్చింది.

"నేను పోరి మాటే నమ్ముత," అంది మేడమ్.

ఆ పూటే వీర్నపల్లికి వచ్చాం. ఠాణాలో ఫిర్యాదు ఇద్దామని మేడమ్ అంటే అమ్మ వీధి తలుపు మూసింది. "నలుగురికి తెలుస్తే ఎట్ల? గీ ముచ్చట గిక్కడనే వదిలెయ్యిరి."

"సిగ్గుపడాల్సింది నీ బిడ్డ గాదక్కా. ఆయన అచ్చిండని తెలిసి గూడ నేను మళ్ల పోయి చూడలే. ఇంటాయనే గదా అనుకున్న. తప్పు నాది." నా వైపు తిరిగి, "మాఫ్ చెయ్యి బిడ్డా" అంది.

అప్పటిదాకా పెద్దవాళ్లెవరూ నన్ను క్షమించమని అడగలేదు. ఆలస్యం చేసిన నాదే తప్పనుకుంటున్నదాన్ని, వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ కొంగుతో నా ముఖం తుడిచి, చెప్పులు వేసుకుంది. "పా మేడమ్, నేను గూడ వస్త."

ఇప్పుడు నేనూ సిరిసిల్లలో పిల్లలకు చదువు చెబుతూ, దూరం నుంచి వచ్చినవాళ్లను ఇళ్లలో ఉంచుతున్నాను. కొత్తమనిషి ఎవరొచ్చినా మళ్లీ వెళ్లి, పిల్లను బయటికి తీసుకొచ్చి ఒంటరిగా అడుగుతాను. ఎంత తిరిగినా ఏదో ఒకటి నా కన్ను తప్పుతుంది. పోయిన నెల ఒక పిల్ల ఇట్లాంటిదే చెప్పి, తల వంచుకుని, "పదిరోజులాయె మేడమ్. ముందే చెప్పకపోతి. తిడ్తరా?" అంది.

"ఆలస్యం నువ్వు చెయ్యలే బిడ్డా, అడగతందుకు నేనే ఆలస్యంగ వచ్చిన," అన్నాను.