జనవరి పిల్లల ఎర్మెస్

మా పైసాందూ ఊళ్ళో పిల్లాడు కనిపిస్తే ముందు పేరు అడుగుతారు, ఆ వెంటనే ఏ నెలలో పుట్టావని అడుగుతారు. ఈ రెండో ప్రశ్న మా పేటకి అంటించినవాడు ఎర్మెస్ పిరిస్. పొద్దంతా నారింజ పళ్ళ షెడ్డులో పెట్టెలు మోసి, సాయంత్రం మెడలో ఈల వేసుకుని లుసేరో క్లబ్బు పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పేవాడు. జీతం లేదు, భత్యం లేదు. ఆ క్లబ్బు క్యాంటీన్లో రొట్టెలు వేయించేది నేనే కాబట్టి అతని సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మా దగ్గర పిల్లల జట్లు పుట్టిన సంవత్సరాన్ని బట్టి కడతారు. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకటే జట్టు. ఆరేళ్ళప్పుడు ఆ తేడా అంటే మాటలా! ఒకడు దున్నలా ఉంటాడు, ఇంకొకడికి బూటు లేసు కట్టుకోవడం కూడా రాదు. మార్చి నెలలో ఆటలు మొదలయ్యే రోజున ఎర్మెస్ అందర్నీ గోడకి ఆనించి నిలబెట్టేవాడు. పొడుగువాళ్ళు మైదానంలోకి, పొట్టివాళ్ళు బెంచీ మీదకి. బెంచీ వాళ్ళకి "వచ్చే ఏడు పెరుగుతావులే" అని ఒక ఓదార్పు. వచ్చే ఏడు ఆ పొడుగువాళ్ళు మాత్రం పెరక్కుండా కూర్చుంటారా? జట్టంతా కలిసే పైకి పోతుంది, చిన్నవాడు అందులో చిన్నవాడుగానే ఉండిపోతాడు. ఈ ముక్క నేను ఎన్నిసార్లు చెప్పినా అతని చెవికెక్కలేదు. కప్పులు గెలుస్తున్నాడాయె, ఎందుకెక్కుతుంది!

ఆ బెంచీ మీద అందరికంటే ఎక్కువ కాలం కూర్చున్నది అతని సొంత కొడుకు విల్మార్. డిసెంబరు చివరి వారంలో పుట్టిన పాపానికి. కొడుకుని ఆడిస్తే మిగతా తండ్రులు నోరు చేసుకుంటారని ఎర్మెస్ భయం. తొమ్మిదో ఏట ఆ పిల్లాడు బూట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఎవరికైనా ఇచ్చెయ్ అత్తా" అని వెళ్ళిపోయాడు. పెద్దయ్యాక ఫ్రిజ్‌లు బాగుచేసే పని పట్టాడు. తండ్రితో అన్నీ మాట్లాడతాడు, ఫుట్‌బాల్ తప్ప. మా ఊళ్ళో ఫుట్‌బాల్ తీసేస్తే మాట్లాడుకోవడానికి వానా ఎండా తప్ప ఇంకేం మిగలవు.

విల్మార్ భార్య జిమేనాకి ఏడాది చివర్లో కాన్పు అని డాక్టరు చెప్పినప్పటి నుంచీ ఎర్మెస్‌కి కాలు ఒకచోట నిలవలేదు. అతని ఆశ ఒక్కటే. కొడుకుతో జరగనిది మనవడితో జరగాలి. మనవడు లుసేరో నీలం చొక్కా తొడుక్కుని తన చేతికింద ఆడాలి. దానికి వాడు జనవరిలోనే పుట్టి తీరాలి! కోడల్ని మంచం దిగనివ్వడు, మెట్లెక్కనివ్వడు, ఆమె మాతే ఆకు కషాయం తాగుతుంటే మరీ వేడిగా ఉందని చేతిలోంచి లాక్కుంటాడు. తీరా నొప్పులు మొదలయ్యాక కారుకి అడ్డంగా నిలబడి,

"ఇంకో రెండ్రోజులు ఓర్చుకోలేవా అమ్మాయ్! పిల్లాడి భవిష్యత్తు!" అన్నాడు.

"అంత ముచ్చటగా ఉంటే జనవరిలో మీరే కనండి మావయ్యా!" అని జిమేనా కారు తలుపు ధడాలున వేసింది.

వీధి వీధంతా పడీ పడీ నవ్వింది. డిసెంబరు ముప్ఫైన సిమోన్ పుట్టాడు. ఆస్పత్రిలో వాణ్ణి ఎత్తుకుని ఎర్మెస్, "ఏం తొందరొచ్చిందిరా నా తండ్రీ" అని నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

సిమోన్‌కి నడక వచ్చిందో లేదో బంతి పిచ్చి పట్టింది. వాడికి ఆరో ఏడు రాగానే విల్మార్ వాడి చెయ్యి పట్టుకుని, ఎన్నో ఏళ్ళకి మళ్ళీ లుసేరో గేటు దాటాడు. గోడ దగ్గర వరసలో సిమోన్ చిట్టచివర. ఎర్మెస్ వాడి తల నిమిరి, "వచ్చే ఏడు..." అని మొదలుపెట్టాడు.

"ఆపు నాన్నా."

"అది కాదురా, వాళ్ళు గుద్దితే వీడు ముక్కలైపోతాడు. నేను వీడి మంచికే..."

"ఆపమన్నానా!"

విల్మార్ అటునుంచి అటే కొడుకుని రైలుపట్టాల అవతలికి, ప్వెంతె క్లబ్బుకి తీసుకుపోయాడు. అక్కడ జట్టుకి సరిపడా పిల్లలే దొరకరు, వచ్చినవాణ్ణల్లా ఆడిస్తారు. పిరిస్ వంశంలో ప్వెంతె వాళ్ళ ఎర్ర చొక్కా! ఎర్మెస్ నా క్యాంటీన్‌కొచ్చి, "నా పరువు తీశాడు" అని గొణిగాడు.

"పరువు దాకా ఎందుకయ్యా, పిల్లాణ్ణి ఆడనిస్తే నీ సొమ్మేం పోయేది?" అన్నాను.

పెట్టిన రొట్టె ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు.

సెప్టెంబరులో రెండు క్లబ్బులకీ ఆట పడింది. గెలిస్తే లుసేరో ఫైనల్‌కి వెళ్తుంది. చెరో గోలూ అయింది. సిమోన్ చొక్కా మోకాళ్ళ దాకా వేలాడుతోంది. లుసేరో గోలుకి ముందు కాపలా బ్రూనో, జనవరి మొదటి వారం సరుకు, వయసుకి మించిన ఒళ్ళు. వాడికి ఎర్మెస్ నేర్పింది ఒకటే, నిలబడు, వచ్చినదాన్ని తన్ను. సిమోన్ ఒకసారి వెళ్ళి వాడికి కొట్టుకుని పడ్డాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ పడ్డాడు. ఈసారి లేవడం ఆలస్యమైంది. "ఆ బుడంకాయని ఊదెయ్‌రా బ్రూనో!" అని మావైపు తల్లులు, తండ్రులు కేకలు. సిగ్గులేని జనం! కంచె అవతల విల్మార్ తీగని పట్టుకుని బిర్రబిగుసుకుపోయాడు.

సిమోన్ మోకాలు దులుపుకుని మళ్ళీ బంతి అందుకున్నాడు. అప్పుడు ఎర్మెస్ బెంచీ మీంచి లేచి గీత దాకా పరిగెత్తాడు.

"సిమోన్! వాడికి ఎదురెళ్ళకురా నాయనా! బంతిని వాడికి అటుపక్కగా తోసి నువ్విటుపక్క నుంచి ఉరుకు! వాడు తిరిగేలోపు తెల్లారుద్ది!"

మైదానం మొత్తం నోరు వెళ్ళబెట్టింది. సిమోన్ తాత చెప్పింది చెప్పినట్టు చేశాడు. బంతి ఒక పక్క నుంచి, తను ఒక పక్క నుంచి. బ్రూనో తిరగబోయి కూలబడ్డాడు. గోల్!

ఇక చూడండి గోల. "ముసలాడా, నువ్వెవరి కోచ్‌వి?" అని బ్రూనో తండ్రి మీదికొచ్చాడు. క్లబ్బు పెద్ద అక్కడికక్కడే ఎర్మెస్ మెడలోంచి ఈల లాగేసుకున్నాడు. బ్రూనో వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. పాపం వాడేం చేస్తాడు, వాడికి తిరగడం నేర్పిందెవరు?

ఎర్మెస్ ఇవేమీ పట్టించుకోలేదు. గబగబా కంచె దగ్గరికి పోయాడు. మొహం వెలిగిపోతోంది.

"చూశావురా విల్మార్? చూశావా నా మనవణ్ణి? పొట్టివాడికి అదే కిటుకు. పెద్ద ఒళ్ళువాడు చప్పున తిరగలేడు. ఇది నాకు ఇవాళ తెలిసింది కాదు, నేను ఆడే రోజుల్నించీ తెలుసు!"

"అప్పట్నించీ తెలుసా?" అన్నాడు విల్మార్.

"తెలీకపోవడమేంట్రా!"

విల్మార్ పట్టుకున్న తీగని వదిలాడు. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు నాన్నా?"