తూర్పు ముఖం చీటీ

ఆ రోజుల్లో శంషాబాద్‌లో విమానాల కంటే ప్లాట్ల రేట్లే ఎక్కువ ఎత్తులో ఎగిరేవి. ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచారు. హద్దురాళ్లు పాతని చేను ఎక్కడైనా కనిపిస్తే, పాపం ఆ రైతుకు కోర్టు కేసేదో ఉండి ఉంటుందని జాలిపడేవాళ్లం. నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకుని, సంభావ్యత మీద మూడంటే మూడు పాఠాలు విని ఉన్నాను. మూడు పాఠాలు విన్నవాడికుండే ధైర్యం ముప్పై ఏళ్లు చెప్పినవాడికి ఉండదు. మా ఇంట్లో బొమ్మా బొరుసూ వేయాలన్నా నన్నడిగే వేయాలన్నంత ధీమాగా తిరిగేవాణ్ని.

మా పెద్దమ్మ సాతంరాయిలో కిరాయికి ఉండేది. పొలం అమ్మగా వచ్చినదంతా తీసుకెళ్లి ఒక వెంచర్‌లో ప్లాటుకు పోసింది. ఏ ప్లాటు ఎవరిదో చీటీలు తీసి తేల్చడం అక్కడి రివాజు. షామియానా, మైకు, పులిహోర, చీటీలు వేయడానికి పసుపు రాసిన ఇత్తడి బిందె (దేవుడు కూడా భాగస్వామే అన్నట్టు). మా బ్లాకులో పన్నెండు ప్లాట్లు, అందులో తూర్పు ముఖానివి మూడు. పెద్దమ్మకు తూర్పు తప్ప మరొకటి వద్దు. కిరాయి ఇంటి తలుపు తీస్తే ఎదురింటి మరుగుదొడ్డి గోడ కనిపించేది. సొంత ఇల్లంటూ కట్టుకుంటే పొద్దున్నే ఎండ వచ్చి గడప మీద పడాలని ఆమె కోరిక. ఇన్నేళ్ల తర్వాత కూడా అది తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

షామియానా కింద అందరూ ముందు నేనంటే నేనని తోసుకుంటున్నారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరుగారు, "మొదట తీసినవారికే అవకాశం ఎక్కువండీ, ఇది కామన్‌సెన్సు" అంటూ మోచేతులతో దారి చేసుకుంటున్నారు. పెద్దమ్మ కూడా కొంగు బిగించింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"తొందరేంది పెద్దమ్మా? ముందుగాల తీసినా ఆఖర్ల తీసినా ఒక్కటే. పన్నెండుల మూడు."

"గట్లెట్ల అయితది బిడ్డా? మంచియన్ని ముందటోళ్లే గుంజుకుంటే నాకేం మిగుల్తది?"

"మా సార్ బోర్డు మీద చేసి చూపిచ్చిండు."

సార్ అన్న మాట వినగానే పెద్దమ్మ మెత్తబడి, అందరికంటే చివర కుర్చీలో కూర్చుంది. (ఆ లెక్క తప్పు కాదు. ఇప్పటికీ తప్పు కాదు. నా బాధల్లా అదే.)

నేను పులిహోర ప్లేటుతో దారి పక్కన నిలబడి, చీటీ తీసి వస్తున్న ప్రతివారినీ ఏ ముఖం వచ్చిందని అడుగుతూ వచ్చాను. మొదటాయనకు పడమర. బ్యాంకు ఆఫీసరుగారికి దక్షిణం. తర్వాతావిడకు ఉత్తరం. వాళ్ల ముఖాలు వాడిపోతున్నకొద్దీ నా ముఖం విప్పారింది. "ఎనిమిదిల మూడు పెద్దమ్మా... ఇగ ఐదుల మూడు" అని ఆమె చెవిలో ఊదుతున్నాను. చివరికి ముగ్గురు మిగిలారు, తూర్పు ఇంకా ఎవరికీ పడలేదు. పులిహోర నోట్లో ఉండగానే ప్రకటించాను: "ఒకటి, పెద్దమ్మా. సంభావ్యత ఒకటైందంటే ఖాయమన్నట్టు."

ఆ ముగ్గురిలో మొదటాయనకు పడమర వచ్చింది. నేను ఎక్కడో తప్పు లెక్కపెట్టానని వేళ్లు మడిచి చూసుకున్నాను. రెండో ఆయనకూ పడమరే. పెద్దమ్మ వెళ్లి, కళ్లకద్దుకుని, చీటీ విప్పింది. దక్షిణం, అదీ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన. (ఖాయమైనది జరగకపోతే ఏం చేయాలో మా సిలబస్‌లో లేదు.)

పెద్దమ్మ ఏడవలేదు. బిందె ఎత్తి బోర్లించింది. పసుపు తప్ప ఏమీ రాలలేదు. ఏజెంటు చేతిలోని మైకు లాక్కుని, "అన్నలారా, మీల ఎవలికన్న తూర్పొచ్చిందా? వస్తే చెయ్యి లేపుండ్రి" అంది. ఎవరూ ఎత్తలేదు. తనకు రాకపోయినా పక్కవాడికి వచ్చే ఉంటుందని అప్పటిదాకా ఎవరి ఏడుపు వారు ఏడుస్తున్నారు.

"అయి మేనేజ్‌మెంట్ కోటాల పోయినయ్ అక్కా" అన్నాడు ఏజెంటు, చాలా మర్యాదగా. "వాటి బదులు మురికి నాలా పక్కన మూడు కలిపినం. మీకు లెక్క తక్కువ చెయ్యలే."

"ఇది చాలా అన్యాయమండీ" అన్నారు బ్యాంకు ఆఫీసరుగారు. తర్వాత ఇంకో ప్లేటు పులిహోర పెట్టించుకున్నారు. అరుపులు సాయంత్రం దాకా సాగాయి. తూర్పు మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు.

పెద్దమ్మ ఆ దక్షిణం ప్లాటులోనే ఇల్లు కట్టుకుంది. గడప మీద ఎండ పడదు. పొద్దున్నే కుర్చీ తీసుకుని పక్క ఖాళీ ప్లాటులో కూర్చుంటుంది. నేను వెళితే, "ఏంరా ఒకటీ, తిన్నవా?" అని పలకరిస్తుంది. ఆ పేరు ఇక పోదు.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. "పెట్టెలో మూడు ఎర్ర బంతులున్నాయనుకుందాం" అన్నప్పుడల్లా కాసేపు ఆగుతాను. మీరు చూశారా సార్ అని ఎవరైనా అడుగుతారేమోనని. అందరూ తల వంచుకుని రాసుకుంటారు. నేనూ అలాగే రాసుకున్నాను. ఆ తర్వాత ఏ విషయంలోనూ ఖాయమన్న మాట నా నోట రాలేదు. కాని పులిహోర నములుతూ ఆ మాట అంత గట్టిగా అనగలిగిన కుర్రాడంటే, నిజం చెప్పాలంటే, నాకు కొంచెం అసూయే.